తీతువు కూత, నీటిపిల్లి బొరియ

పోయిన ఆదివారం మా మనవరాలు ఒక పెద్ద అట్ట తెచ్చి నా మంచం మీద పరిచింది. ఏడో తరగతి చదువుతోంది. బడివాళ్ళు పిల్లలందరినీ బస్సెక్కించి శ్రీహరికోట దారిలో ఉన్న ఉప్పునీటి సరస్సు చూపించుకొచ్చారట, వచ్చాక చీటీలు తీయించి ఒక్కొక్కరికీ రెండేసి ప్రాణుల్ని పంచారట, నీళ్ళలో తిరిగే చిన్న జంతువు ఒకటి, నేల మీద బతికే పిట్ట ఒకటి, ఆ రెంటికీ పోలికలూ తేడాలూ రాసుకురమ్మన్నారట. అట్ట మధ్యలో నిలువునా గీత, అటొక బొమ్మ, ఇటొక బొమ్మ. ఇంగ్లీషు పేర్లు రాసుకుంది గానీ తెలుగులో ఏమంటారో తెలియక నా దగ్గరికి వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఎడమవైపున నీటిపిల్లి, కుడివైపున తీతువు.

ఆ రెండూ ఒకప్పుడు మా ఇంట్లో ఇద్దరు మనుషులకు పెట్టిన పేర్లు. నీటిపిల్లిని నేను. తీతువు మా మేనత్త.

నా ఈడు వాళ్ళకు తీతువంటే ఏమిటో చెప్పనక్కరలేదు. చెట్టెక్కని పిట్ట, పొడుగాటి పసుప్పచ్చ కాళ్ళు, కళ్ళ ముందు ఎర్రటి తోలు వేలాడుతుంటుంది. అది ఇంటి మీదుగా కూస్తూ పోయిందంటే మన పెద్దవాళ్ళు మాట్లాడుతున్న మాట సగంలో ఆపేసేవాళ్ళు, జబ్బు మనిషి ఉన్న ఇంట్లోనైతే ఇక ఏడుపు ఒక్కటే తక్కువ. మా జేజికి, అంటే మా నాయన తల్లికి, ఆ కూత 'తీరె తీరె, తీరిపోయె' అని వినిపించేదట. ఎవరి నూకలు తీరాయో చెప్పడానికే అది వస్తుందని ఆమె నమ్మకం. దానికి విరుగుడు కూడా ఆమె దగ్గరే ఉండేది. తీతువు కూసిన వెంటనే గుప్పెడు కల్లుప్పు తీసి పొయ్యిలో వేసేది, అది చిటపటలాడి ఆరిందాకా ఆగి మళ్ళీ ఇంకో గుప్పెడు, అలా మూడుసార్లు. మూడో గుప్పెడు చిటపట ఆగేదాకా ఇంట్లో మనిషి గడప దాటకూడదు. దాటితే కూత వాళ్ళకు తగులుతుందని చెప్పేది. మా నాయన ఊళ్ళో నలుగురికి బుద్ధి చెప్పే మనిషే గానీ, తల్లి ఉప్పు పట్టుకుంటే మాత్రం పిల్లవాడిలా గోడకానుకుని నిలబడిపోయేవాడు.

మా ఊరు బోగోలుకు తూర్పున, సముద్రం ఘోష ఇంట్లోకి వినపడేంత దగ్గరలో ఉండేది. సముద్రానికీ మా చేలకూ మధ్య ఒక ఉప్పుటేరు, ఏటికీ చేలకూ మధ్య ఒక మట్టికట్ట. పోటు వచ్చినప్పుడు ఏట్లో ఉప్పునీళ్ళు కట్ట నడుము దాకా లేచేవి, పాటు వచ్చినప్పుడు బురద మిగిల్చి వెళ్ళిపోయేవి. మా నాలుగెకరాలూ ఆ కట్టను నమ్ముకునే ఉన్నాయి. కట్టకు ఇవతల చేతిలో తీసుకుంటే కమ్మగా వాసన వేసే నేల, అవతల గడ్డి కూడా మొలవని తెల్లటి చౌడు. ఆ రెంటికీ మధ్య ఉన్నది ఆరడుగుల మట్టి. ఏటా కోతలయ్యాక నాయన తనే పార పట్టి దానికి మట్టి వేసేవాడు, చంటిబిడ్డను చూసినట్టు చూసేవాడు దాన్ని.

అత్త నాయనకు చెల్లెలు. పెళ్ళయిన రెండో ఏడే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. శుభకార్యాల్లో ఆమెను వెనక గదిలో ఉంచేవాళ్ళు గానీ, పొలం పనుల్లో మాత్రం అందరికంటే ముందు ఆమే. గొంతు పెద్దది. పరాయి గొడ్లు చేలో పడితే, అన్నం క్యారేజీ వస్తే, మబ్బు పట్టితే, ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టుకు వినపడేలా కేకపెట్టేది. అందుకని ఊరివాళ్ళు ఆమెకు తీతువని పేరు పెట్టారు. కేక ఒక్కటే కారణం కాదనీ, బొట్టులేని మనిషి ఎదురు రావడం వాళ్ళకు ఇష్టం లేదనీ నాకు తరువాత తెలిసింది. అత్త ఆ పేరు విని నవ్వేసింది. "పిట్ట పేరేగా పెట్టినారు, పురుగు పేరు పెట్టలా," అన్నది. ఎప్పుడు చూసినా కాలువలో మునిగి తడిజుట్టుతో ఇంటికి వచ్చేదాన్నని నాకు నీటిపిల్లి అని ఆమే పేరు పెట్టింది.

నాకు పదకొండేళ్ళు నిండిన ఆ వేసవిలో, ఎడగారుకు, అంటే వేసవి పంటకు, నారు పోసిన రోజుల్లో, అత్త నాకొక రహస్యం చెప్పింది. కట్ట కింద, చేను మూలన గులకరాళ్ళ జాగాలో తీతువు గుడ్లు పెట్టింది. గూడేమీ లేదు, నాలుగు గుడ్లు వట్టి నేల మీద, రాళ్ళలో రాళ్ళలా ఉన్నాయి, పక్కనే నిలబడి కూడా నేను కనుక్కోలేకపోయాను. అవి చూపించడానికి ముందు అత్త నన్ను గట్టు మీద కూర్చోబెట్టి పిట్టను చూడమంది. మా అలికిడికి అది గమ్మున లేచి, నలభై యాభై అడుగులు నడిచిపోయి, అక్కడ ప్రాణం పోతున్నట్టు అరవడం మొదలుపెట్టింది. కుక్క ఒకటి అటు వచ్చింది. పిట్ట దాని మీదికి వాలి, రెక్క విరిగినదానిలా నేల మీద ఈడ్చుకుంటూ, అరుస్తూ, కుక్కను ఏటి ఒడ్డుదాకా తీసుకుపోయి అక్కడ ఎగిరిపోయింది. కుక్క వెర్రిమొహం వేసుకుని నిలబడింది.

అత్తకు ఆ కూత జేజి విన్నట్టు వినపడేది కాదు. 'ఇటు చూడు, ఇటిటు చూడు' అంటుందట పిట్ట. ఒకసారి అలా విన్నాక నాకూ ఇక వేరేలా వినపడలేదు, మీరూ ఈసారి చెవిపెట్టి చూడండి. "అది యాడ గట్టిగా అరస్తా ఉండాదో ఆడ గుడ్లుండవే పిల్లా, ఎప్పుడూ," అని చెప్పింది అత్త.

నా దగ్గరా ఒక రహస్యం ఉంది. కానీ నేను అత్తకు చెప్పలేదు.

కట్ట వంపు తిరిగే చోట మొగలి పొదలుండేవి. ముళ్ళకు భయపడి అటు ఎవరూ వెళ్ళరు. మాఘమాసంలో ఒకనాడు పీతల కోసం ఏటి వైపు నుంచి ఆ పొదల కిందికి దూరితే, కట్టలో పెద్ద బొరియ కనబడింది. నోటి దగ్గర చేప పొలుసులూ పీత డొక్కలూ, నున్నగా అరిగిన బురద. గంటసేపు కదలకుండా కూర్చున్నాను. లోపలి నుంచి మీసాల మూతి ఒకటి బయటికొచ్చి, నన్ను చూసి, ఈలవేసినట్టు చిన్న చప్పుడు చేసి నీళ్ళలోకి జారిపోయింది. తరువాత మూడు పిల్లలు వచ్చాయి. తల్లి వాటిని మెడ పట్టుకుని నీళ్ళలోకి దింపేది, అవి ఏడ్చేవి, మళ్ళీ ఎక్కించేది, మళ్ళీ దింపేది. నాకు ఈత నేర్పిన వాళ్ళెవరూ లేరు, ఆ పిల్లల్ని చూస్తే కుళ్ళుగా ఉండేది. ఇంట్లో తిన్న చేపల తలకాయలు ఆకులో చుట్టుకుని తీసుకుపోయి అక్కడ పెట్టేదాన్ని.

అత్తా నేనూ సాయంత్రాలు గట్టు మీద కూర్చుని ఆ రెండు ప్రాణుల్ని పోల్చుకునేవాళ్ళం. నా బొరియ సంగతి చెప్పకుండానే, నీటిపిల్లి ఎంత తెలివైనదో, బిడ్డల్ని నేల లోపల ఎంత భద్రంగా దాచుకుంటుందో, తీతువు ఎంత పిచ్చిదో, నడిబయట గుడ్లు పెట్టి ఊరంతా వినేట్టు ఎలా అరుస్తుందో చెప్పి వాదించేదాన్ని. అత్త ఒప్పుకునేది కాదు. నీటిపిల్లి బొరియను కాపాడుతుంది, ఆ బొరియ ఎవరి కట్టలో ఉందో దానికి అక్కరలేదు అనేది. తీతువు దాచడానికి ఏమీ లేనిది కాబట్టి తననే అడ్డం పెట్టుకుంటుంది అనేది. ఆ మాట అన్నప్పుడు నా వైపు అదోలా చూసిందని ఇప్పుడు అనిపిస్తుంది. నిజంగా చూసిందో, ఇన్నేళ్ళలో నేనే ఆ చూపు కల్పించుకున్నానో చెప్పలేను.

వైశాఖం చివరికి వచ్చేసరికి ఎండ కూడా వేరే రకంగా మారింది. గాలి లేదు, చెమట ఆరదు, సముద్రం ఘోష మామూలుగా వచ్చే వైపు నుంచి గాక దక్షిణం నుంచి వినిపించేది. ఏట్లో పీతలు కట్ట ఎక్కి ఇవతలికి వస్తున్నాయి. చేపలు పట్టే పల్లెవాళ్ళు పడవల్ని ఇసుక మీద ఇంకా పైకి లాగి పెట్టుకున్నారని చెప్పుకున్నారు. అలాంటి రోజుల్లో ఒకనాడు మొగలి పొదలకు ఇవతలివైపు, అంటే మా చేను వైపు, కట్ట పాదాన నేల తడిగా కనబడింది. వాన లేదు, కాలువ అటు రాదు. కాలు పెడితే మడమ దాకా దిగబడింది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

అది ఏమిటో నాకు తెలుసు. తెలియదని చెప్పుకోవడానికి ఈ వయసులో నాకు నోరు రావడం లేదు. కట్ట పక్కన పుట్టిన పిల్లకు కట్ట కింద ఉప్పు చెమ్మ అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కరలేదు. నాయనకు చెప్తే ఏమవుతుందో కూడా తెలుసు. బొరియలో మిరపకాయల పొగ పెడతారు, వలలూ కుక్కలూ పట్టుకుని వేటగాళ్ళు వస్తారు, ముందటేడు పక్క ఊళ్ళో చావిడి గోడకు వేలాడిన తోలు లాంటివి మరో నాలుగు వేలాడతాయి. నేను ఏం చేశానంటే, బురద పిసికి ఆ తడి చోట మెత్తి, రెండు చేతులతో గట్టిగా అదిమి, ఎవరికీ కనబడకుండా పైన ఒక తాటిమట్ట కప్పి ఇంటికి వచ్చేశాను. మర్నాడు పోయి చూశాను, మట్ట కింద మళ్ళీ తడి ఊరింది. మళ్ళీ మెత్తాను. అలా ఐదు రోజులు. ఐదో రోజు తడి చాపంత వెడల్పయింది.

ఆరో రోజు పొద్దున లేచేసరికి ఆకాశం బూడిద రంగు. పదిగంటలకల్లా వాన పట్టుకుంది, వాన వెంట గాలి. ఆ రోజు అమావాస్య కూడా కావడంతో పోటు పెద్దది. అత్త పొద్దున్నే తీతువు పిల్లలు గుడ్డులోంచి బయటికొచ్చాయేమో చూడాలని గోనెసంచి నెత్తిన వేసుకుని చేలోకి పోయింది. నేను పంచలో కూర్చుని విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తున్నాను. మధ్యాహ్నం కావస్తుండగా నాయన పంచె ఎగగట్టి, పార భుజాన పెట్టుకుని, కట్ట ఒకసారి చూసొస్తానని బయలుదేరాడు. గడప మీద కాలు పెట్టాడు. అప్పుడు కూసింది తీతువు.

వానలో, సరిగ్గా మా ఇంటి మీద, చుట్టూ తిరుగుతూ కూసింది. జేజి వంటింట్లోంచి ఒక్క ఉరుకున వచ్చి నాయన చెయ్యి పట్టుకుంది. "పోబాకరా! అది కూసినాక గడప దాటబాక, నా మీద ఒట్టు," అన్నది. నాయన పార గోడకానించాడు. జేజి ఉప్పుకుండలోంచి గుప్పెడు తీసి పొయ్యిలో వేసింది. కట్టెలు తడిసి ఉన్నాయి, పొగ తప్ప మంట లేదు. ఉప్పు పడ్డ చోట చప్పుడే లేదు. జేజి ముఖం పాలిపోయింది. ఉప్పు చిటపటలాడకపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. మంట చేయమని అమ్మను కసిరింది. అమ్మ గొట్టంతో ఊదింది, ఊదింది, కళ్ళు ఎర్రబడ్డాయి గానీ పొయ్యి రాజుకోలేదు. మొదటి గుప్పెడు పేలితే కదా రెండోది వేయాలి.

అప్పుడు చేల వైపు నుంచి అత్త గొంతు వినబడింది. ఆ గాలిలో మాటలు తెగి తెగి వస్తున్నాయి. అన్నో, అని ఒకటి. బిన్నా రా, అంటే తొందరగా రమ్మని, ఒకటి. మళ్ళీ గాలి. మళ్ళీ అన్నో. ఇంటి మీద పిట్ట కూస్తోంది, చేలో మనిషి కూస్తోంది. "ఆ తీతువుకు ఈ తీతువు తోడైంది," అని జేజి రెండు చెవులూ మూసుకుంది. నాయన గోడ దగ్గరి నుంచి కదలబోయాడు, జేజి మళ్ళీ ఒట్టు పెట్టింది, నాయన ఆగాడు. చెల్లెలు ఎప్పుడూ అరుస్తూనే ఉంటుంది కదా అనుకుని ఉంటాడు. పరాయి ఆవు చేలో పడినా అదే గొంతు, మబ్బు పట్టినా అదే గొంతు.

ఆ అరుపు దేని గురించో ఆ ఇంట్లో ఒక్క మనిషికి తెలుసు. ఆ మనిషి పంచలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఒక్క మాట చాలు, నాయనా కట్టలో బొరియ ఉంది అని. నోరు పెగల్లేదు. చేతిలో కాయ నలిగి పప్పు పిండి అయిపోయింది, ఇంకోటి తీసుకున్నాను. చెప్తే ఐదు రోజులు ఎందుకు చెప్పలేదంటారు, చెప్పకపోతే ఏమీ కాకపోవచ్చు కూడా, ఇలాంటి లెక్కలే వేసుకుంటూ కూర్చున్నాను. పొయ్యిలో ఉప్పు ఎప్పుడు పేలుతుందా అని నేనూ వాళ్ళతో పాటు ఎదురుచూశాను.

అది పేలేసరికి అత్త గొంతు ఆగిపోయింది. ఆ తరువాత వచ్చిన చప్పుడు పెద్దదేమీ కాదు, వామిలోంచి గడ్డి జారినట్టు వినబడింది. నాయన జేజి చేతిని విదిలించుకుని పరుగెత్తాడు.

అప్పటికి చేను లేదు. తెల్లటి నురగతో ఉప్పునీళ్ళు గట్లు దాటి వస్తున్నాయి, నారుమళ్ళు మునిగాయి, మొగలి పొదలు వేళ్ళతో సహా కొట్టుకొస్తున్నాయి. ఆ నీళ్ళలో నడుము లోతున అత్త నడిచి వస్తోంది. చేతులు రెండూ మొగలి ముళ్ళకు చీరుకుపోయి నెత్తురు కారుతున్నాయి, ముళ్ళకంపలు తెచ్చి గండిలో కుక్కిందట, ఒక్కతే, మనిషి తోడు వస్తారని అరుస్తూ. గులకరాళ్ళ జాగా మీద రెండు తీతువులు తిరుగుతున్నాయి. అవి ఇప్పుడు ఎక్కడా వాలడం లేదు, ఎవరినీ ఎటూ పిలవడం లేదు. ఊరికే తిరుగుతూ కూస్తున్నాయి.

నీళ్ళు తీశాక నెల తిరక్కుండానే చేను మీద ఉప్పు పేరింది. ఎండలో చూస్తే కళ్ళు చెదిరేవి. నాయన పొద్దున పోయి ఆ తెల్లదనంలో నిలబడి సాయంత్రం వచ్చేవాడు. గండి పడ్డ చోట బొరియ ఆనవాలు కూడా మిగల్లేదు, నీటిపిల్లులు మళ్ళీ కనబడలేదు. ఒకనాడు చుట్టుపక్కల రైతులు మా పంచలో కూర్చుని, ఆ వంపు దగ్గర కట్ట ఎన్నడూ తెగలేదే, దిట్టమైన చోటే, ఎట్లా తెగింది అని మాట్లాడుకున్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన, "ఈ పిల్ల గదా ఎప్పుడూ ఆడే తిరగతా ఉండేది?" అన్నాడు. నాయన తలెత్తి నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు నిద్రలో వస్తుంది. కోపం లేదు అందులో, అడగబోతున్నాడు, అంతే. అడిగితే నేను చెప్పేసేదాన్ని.

"ఇటు చూడన్నా!" అని వెనక నుంచి పెద్దగా వినబడింది. అందరూ అటు తిరిగారు. అత్త తలుపు దగ్గర నిలబడి ఉంది, చేతులకు ఇంకా గుడ్డలు చుట్టే ఉన్నాయి. "పొయ్యి మట్టి బాగుంటదని ఆడ తవ్వింది నేను. శానా తవ్వినా. నా వల్లే తెగింది," అన్నది.

ఏటా ఎండాకాలంలో పొయ్యిలు వేయడానికి ఆమె గంపెడు మట్టి తెచ్చేమాట నిజమే. ఎక్కడి నుంచి తెచ్చేదో నేను ఎప్పుడూ చూడలేదు. నిజమేనేమో అనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, నిజమైతే బాగుండునని గట్టిగా కోరుకున్నాను, కోరుకోగా కోరుకోగా కొన్నాళ్ళకు నమ్మేశాను. తప్పు చేసింది అత్త, నేను కాదు. పదకొండేళ్ళ పిల్ల మనసు తనకు కావలసినట్టు ఎంత తొందరగా సర్దుకుంటుందో తలుచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

ఊళ్ళో ఆ తరువాత ఎవరూ అత్తను పలకరించలేదు. తీతువని పేరు పెట్టినప్పుడే అనుకున్నామన్నారు కొందరు. మా జేజి కన్నకూతురే అయినా ఆమె చేతి నీళ్ళు తాగడం మానేసింది. చివరికి పెన్న ఒడ్డున కోవూరులో ఎవరో దూరపు బంధువుల ఇంట వంట చేసిపెట్టడానికి పంపించేశారు. బస్సు దగ్గరికి నేనూ వెళ్ళాను. అత్త మూట ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని, బస్సు కదిలేదాకా కండక్టరుతో ఏదో పెద్దగా వాదిస్తూనే ఉంది గానీ, ఒక్కసారైనా నా వైపు చూడలేదు. అన్నేళ్ళు నన్ను చంకన వేసుకు తిరిగిన మనిషి కనీసం తల తిప్పలేదని నాకు చాలాకాలం మనసు విరిగిపోయి ఉండింది.

పెళ్ళయి, పెద్దమ్మాయి పుట్టాక, బిడ్డనెత్తుకుని నేనొకసారి కోవూరు వెళ్ళాను. అత్త చిన్నదైపోయింది, గొంతు కూడా చిన్నదైంది. ఎవరి వంటింట్లోనో కత్తిపీట ముందు కూర్చుని ములక్కాడలు తరుగుతోంది. నా బిడ్డను చూసి నవ్వింది, పేరడిగింది, పాలు సరిపోతున్నాయా అని అడిగింది. చాలాసేపు ఊరి సంగతులు మాట్లాడుకున్నాం, చేను సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. వెళ్ళొస్తానని లేచాక, తల ఎత్తకుండానే, ములక్కాడ పీచు తీస్తూ అడిగింది.

"నీటిపిల్లులు మళ్ళా వచ్చినాయా ఆడికి?"

ఆ మాట నేను ఈ భూమ్మీద ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న మనిషికి కూడా చెప్పలేదు. ఎట్లా తెలుసని అడగబోయి అడగలేక ఏడ్చేశాను. ఆ పొద్దున తీతువు పిల్లల కోసం పోయినప్పుడు తాటిమట్ట కనబడిందనీ, ఎత్తి చూస్తే కింద మెత్తిన బురదలో చిన్న చిన్న చేతి అచ్చులు ఉన్నాయనీ, వాటి మధ్యలోంచే నీళ్ళు ఊరుతున్నాయనీ, అప్పుడే పొదలు తొలగించి అవతలి బొరియ చూశాననీ చెప్పింది. "నీ చేతులు నాకు తెలీవా?" అన్నది. నేను నాయనతో చెప్పేస్తానన్నాను, ఈ పూటే పోయి చెప్తానన్నాను. "గమ్మునుండవే. బిడ్డ లేస్తది," అని మళ్ళీ ములక్కాడలు తరగసాగింది.

నేను ఆ పూట వెళ్ళలేదు. తరువాత వెళ్ళిన ప్రతిసారీ నాయన ముఖం చూసి ఈసారి కాదులే అనుకున్నాను. ఇంకో మూడేళ్ళకు కోవూరులో అత్త పోయింది. కబురు అందితే నాయన వెళ్ళలేదు, పొలాన్ని పాడు చేసిన మనిషని ఆయన మనసులో అలాగే ఉండిపోయింది, అలాగే ఆయన కూడా పోయాడు. నా నోరు పెగిలేలోపు వినాల్సిన వాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఇదంతా ఇవాళ మీకు రాస్తున్నానంటే ధైర్యం వచ్చి కాదు, ఇక దీనివల్ల ఎవరూ నన్ను ఏమీ చేయలేరని తెలిసి.

ఇప్పుడు అది మట్టికట్ట కాదు. దాని మీద తారు వేసి రొయ్యల లారీలు తిప్పుతున్నారు. మా నాలుగెకరాలూ, చుట్టుపక్కల తీపి నేలంతా, వరసగా రొయ్యల గుంటలైపోయింది. ఏ ఉప్పునీళ్ళు వస్తే కొంప మునిగిందని ఏడ్చామో ఆ నీళ్ళనే మోటార్లు పెట్టి లోపలికి తోడుకుంటున్నారు. తమ్ముడి కొడుకు మొన్న వచ్చినప్పుడు, గుంటల్లోకి ఏదో మీసాల జంతువు దూరుతోందని, చుట్టూ కరెంటు తీగ లాగామని చెప్పి, అన్నం కలుపుకున్నాడు. వద్దురా అని చెప్పాలనుకున్నాను, అప్పుడూ చెప్పలేదు.

అట్ట మీద రాతంతా మనవరాలే రాసుకుంది, నేను పేర్లు చెప్పాను, తిండి చెప్పాను, ఇల్లు చెప్పాను. పిల్లల్ని ఎలా కాపాడుకుంటాయి అన్న వరసకు వచ్చేసరికి నీటిపిల్లి కింద బొరియలో దాస్తుందని రాసింది. తీతువు కింద ఏం రాయాలని అడిగితే, గుడ్లు లేని చోట అరిచి అందరినీ తన వైపు తిప్పుకుంటుందని చెప్పాను. ఆ పిల్ల కలం ఆపి, మరి అందరూ దాన్నే కొడతారు కదా అమ్మమ్మా అన్నది. అవునన్నాను. తల వంచి రాసుకుంది.

మేముండే ఈ నెల్లూరు శివార్లలో ఇళ్ళు కట్టని ప్లాట్లు చాలా ఉన్నాయి, కంకర పోసి వదిలేసినవి. తీతువులు అక్కడికి వచ్చాయి. సందెవేళ అవి కూస్తే ఈ కాలనీలో ఎవరూ మాట ఆపరు, ఎవరూ తలుపు వేయరు, పొయ్యిలో ఉప్పు వేయడానికి పొయ్యే లేదు. ఆ కూతకు అర్థం చెప్పేవాళ్ళం మనం కొద్దిమందిమే మిగిలాం, మన తరువాత అది వట్టి చప్పుడే. ఒకందుకు అదే మంచిదేమో, ఆ పేరు పెట్టి ఇంకో ఆడమనిషిని ఎవరూ ఊరు దాటించరు.

కూత వినబడగానే నేను మాత్రం పని వదిలేసి గడప దాటి మెట్ల మీదికి వస్తాను. పిట్ట ఎక్కడ కూస్తోందో అటు చూడను. అటు ఏమీ ఉండదని నాకు చెప్పిన మనిషి ఉండేది. దానికి ఎదురుగా, ఏ చప్పుడూ లేని కంకర వైపు చూస్తాను. ఎప్పుడు చూసినా అక్కడ నాకు నేనే కనబడతాను, పదకొండేళ్ళదాన్ని, పంచలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తూ.